తవుడుకి కొన్న రణజీత్

పోయిన నెల మా కోడలు స్వాతి ఆస్పత్రి నుంచి పాపని తీసుకుని వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే పని, పేరు వెతకడం. టాటానగర్‌లో నదికి ఇవతల, మాంగో పేటలో మాది మూడో అంతస్తు. కింది బజారు రొద, ఆటోల హారన్లు కిటికీలోంచి వచ్చి ఇంట్లోనే కూర్చుంటాయి. ఆ రొదలోనే మా అబ్బాయి కిరణ్ మంచం అంచున చేరి ఫోన్లో పేర్లు చదువుతుంటాడు. స్వాతి పాపకి పాలిస్తూ కొన్నిటికి తల అడ్డంగా ఊపుతుంది, కొన్నిటికి ఊరుకుంటుంది. వాడికి పూల పేర్లు వద్దట, నదుల పేర్లు వద్దట, దేవతల పేర్లు అందరూ పెట్టేసుకున్నారట. యుద్ధమన్న అర్థం వచ్చే పేరు కావాలట. యోధ, సమర, విజేత, వీర అని ఒక్కొక్కటీ చదివి దాని అర్థం కూడా చదువుతాడు. ఆడపిల్ల ఈ లోకంలో నెగ్గుకు రావాలంటే పేరులోనే ఆ దమ్ము ఉండాలని వాడి వాదన. నేను తెలుగులో అడిగితే వాడు హిందీలో జవాబు చెప్పడం మా ఇంట్లో కొత్తేం కాదు. "ఫైటర్ లగ్‌నా చాహియే మమ్మీ" అన్నాడు. వినగానే ఫైటర్‌లా అనిపించాలట.

నాకు నవ్వొచ్చింది. యుద్ధం పేరున్న ఆడపిల్ల మన ఇంట్లో ఎప్పుడో పుట్టిందిరా అన్నాను. ఎవరన్నాడు. మీ జీతు పిన్ని అన్నాను. వాడు నమ్మలేదు. టాటానగర్ స్టేషన్ అవతల రైల్వే క్వార్టర్లో ఉండే మా చెల్లెల్ని వాడు మాటలొచ్చినప్పటి నుంచి జీతు మౌసీ అనే పిలుస్తున్నాడు. ఆ రెండక్షరాలు ఏ పేరుకి మిగిలిన ముక్కో వాడికెప్పుడూ అనుమానం రాలేదు. అది ముద్దు పేరనుకున్నాడట. కాదురా, దాని పేరు రణజీత్ అన్నాను. అప్పుడు స్వాతి కూడా తలెత్తింది. ఆ మధ్యాహ్నం వాళ్ళిద్దరికీ చెప్పినదే ఇక్కడ రాస్తున్నాను, ఆవేళ నోటికి అందని సంగతులు కొన్ని కలిపి.

అప్పట్లో మేము ఉక్కు కంపెనీ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఒకే కప్పు కింద వరసగా ఇళ్ళు. ఒక గది, ఒక వంటగది, ముందు నాలుగు మంచాలు పట్టే వరండా, వెనక పెరడు. పెరటికీ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. చీకటుండగానే కంపెనీ సైరన్ మోగేది, దానితోనే అమ్మ లేచేది. సాయంత్రం అందరి పెరళ్ళలోనూ ఒకేసారి బొగ్గుల పొయ్యిలు రాజేసేవాళ్ళు. ఆ పొగ గోడలు దాటి ఒక ఇంటిది ఇంకో ఇంటికి వెళ్ళేది. పొగ వాసన పోయాక కూరల వాసనలు మొదలు. మా ఇంట్లో చింతపండు పులుసు, ఎండు చేప. ఎడమ పక్క బిహారీ వాళ్ళింట్లో వాము వేసిన పరాఠా. కుడి పక్క సర్దార్‌జీ ఇంట్లో మినప్పప్పు గంటల తరబడి ఉడుకుతుండేది. కళ్ళు మూసుకుని వరండాలో నడిచినా ఎవరి ఇంటి ముందున్నామో తెలిసిపోయేది. ఇప్పుడు మా అంతస్తులో నాలుగు ఫ్లాట్లు ఉన్నాయి, తలుపులన్నీ ఎప్పుడూ మూసే ఉంటాయి, ఎవరేం వండుకున్నారో ఎవరికీ తెలియదు.

ఇంట్లో పెద్ద మా నాయనమ్మ. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి తాతతో పాటు రైలెక్కి వచ్చిన మనిషి. తాత పోయాక కూడా ఊరికి తిరిగి వెళ్ళలేదు. అడ్డపొగ తాగేది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, వరండా గోడకి ఆనుకుని కూర్చునేది. ఆ నిప్పు నోరు కాల్చదా అని చిన్నప్పుడు నేను పక్కన కూర్చుని కనిపెట్టి చూసేదాన్ని. మాట్లాడాల్సి వస్తే చుట్ట తీసి, రెండు మాటలని, మళ్ళీ నోట్లో పెట్టుకునేది. అందుకే కాబోలు ఎప్పుడూ తక్కువ మాటలతోనే తేల్చేసేది. చావు విషయంలో ఆవిడకి కొన్ని గట్టి లెక్కలుండేవి. చావుకి కళ్ళు చురుకు. మంచి పేరు, మంచి బట్ట, కాటుక దిద్దిన ముఖం దాని కంట్లో ముందు పడతాయి. బతకాల్సిన పిల్లని దాని కంటికి ఆననివ్వకూడదు. మా నాన్నకి ముందు పుట్టినవాళ్ళు దక్కలేదని, ఆయన పుట్టగానే చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేస్తే దొరికినట్టుగా తెచ్చుకున్నారట. అందుకే ఆయన పేరు పెంటయ్య. కంపెనీలో హిందీ వాళ్ళకి ఆ పేరు అర్థం కాక పేంటర్ భాయ్ అనేవాళ్ళు. రోలింగ్ మిల్లులో పనిచేసే మనిషిని రంగులు వేసేవాడని కొత్తవాళ్ళు అనుకునేవాళ్ళు. నాన్న సరిదిద్దేవారు కాదు. తెలుగు వాళ్ళెవరైనా పూర్తి పేరుతో పిలిస్తేనే ఆయన ముఖం చిన్నబోయేది.

నా పేరు పైడితల్లి. అమ్మవారి పేరు. నేను ఏ తంటా లేకుండా పుట్టాను కనుక నాకు మంచి పేరే పెట్టారు. నా తర్వాత మా అమ్మకి ముగ్గురు పుట్టారు. ముగ్గురూ బారసాల దాకా ఆగలేదు. బారసాల కాని పిల్లకి పేరుండదు. కనుక ఇంట్లో వాళ్ళ గురించి ఎప్పుడైనా మాట వస్తే ముందుది, నడిపోడు, ఆఖరోడు అనేవాళ్ళు. ఆ మాట కూడా ఎప్పుడోగాని వచ్చేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, చలికాలం మొదట్లో, మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండలేదు. ఆస్పత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు పిల్లని వెచ్చగా ఉంచండి, పాలు చుక్క చుక్కగా పట్టండి అని చెప్పారట. గదిలో కిటికీలు మూసి, కుంపటి పెట్టి, అమ్మ పక్కన దూదిలో చుట్టి పడుకోబెట్టారు. ఏడుపు కూడా పిల్లి కూన మూలిగినట్టుండేది. నాయనమ్మ వచ్చి చూసింది. చుట్ట తీసి, "దీనికి పేరెత్తకండి, అమ్మెయ్యాల" అంది.

మా వైపు అదొక పద్ధతి. దక్కదేమోనని భయమున్న బిడ్డని చేటలో పెట్టి, పరాయి మనిషికి గుప్పెడు తవుడుకి అమ్ముతారు. కొన్నవాళ్ళు ఆ బిడ్డని మళ్ళీ తల్లికే పెంచమని ఇస్తారు. అప్పట్నుంచి ఆ బిడ్డ ఆ ఇంటిది కాదు, పరాయి వాళ్ళది. వెతుక్కుంటూ వచ్చిన చావు ఈ ఇంట్లో అలాంటి పిల్ల లేదనుకుని వెనక్కి పోతుంది. అలా బతికిన వాళ్ళే తవిటమ్మలు, తవిటినాయుళ్ళు. కొనేవాళ్ళు ఎంత పరాయివాళ్ళయితే అంత మంచిదని నాయనమ్మ ఉద్దేశం. వరసలో ఉన్న తెలుగు వాళ్ళంతా ఎక్కడో ఓ చోట చుట్టాలే. అందుకని ఆవిడ గోడ అవతలికి చూసింది.

అవతల సర్దార్‌జీ భార్య మొహిందర్ కౌర్. నాయనమ్మ ఆమెని సర్దారిణి అనేది. ఎత్తైన మనిషి, ముప్పై దాటి ఉంటాయి. పిల్లల్లేరు. సర్దార్‌జీ కంపెనీ లారీ నడిపేవాడు, వారానికి నాలుగు రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. పెరట్లో ఒక గేదె ఉండేది కనుక ఇంట్లో దాణా, పొట్టు ఎప్పుడూ ఉండేవి. మర్నాడు పొద్దున్నే నాయనమ్మ నన్ను వెంట తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళి, తన తెలుగూ నా హిందీ కలిపి సంగతి చెప్పింది. పిల్లని కొంటావా, ఉత్తుత్తినే, తవుడిస్తే చాలు. ఆమెకి ఒక పట్టాన అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. లోపలికి వెళ్ళి చేతులు కడుక్కుని, తలమీద చున్నీ సర్దుకుని, గిన్నె నిండా గోధుమ పొట్టు తెచ్చింది. ఇది బియ్యపు తవుడు కాదే, చెల్లుద్దో లేదో అని నాయనమ్మ కాసేపు గొణిగింది. ఆఖరికి చావుకి ఆ తేడా తెలీదని ఒప్పుకుంది.

చేటలో పిల్లని గుమ్మం దాటించి ఆమె చేతుల్లో పెట్టారు. అమ్మ మంచం మీంచి లేవలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. ఆనవాయితీ ప్రకారం కొన్న మనిషి అక్కడికక్కడే తిరిగి ఇచ్చెయ్యాలి. సర్దారిణి ఇవ్వలేదు. పిల్లని ఎత్తుకుని తిన్నగా తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. మేము వెనకాలే పరిగెత్తాం. ఆమె మంచం మీద పిల్లని పెట్టి, ఒళ్ళంతా తడిమి చూసి, కాళ్ళు చల్లగా ఉన్నాయంది. మందు సీసాలు రెండు కడిగి, వేడినీళ్ళు పోసి, పాత బట్ట చుట్టి పిల్లకి చెరో పక్కా పెట్టింది. అప్పుడు ఎత్తుకుని వచ్చి అమ్మ పక్కన పడుకోబెట్టింది. ఆ తర్వాత రోజుల తరబడి ఆ సీసాల నీళ్ళు చల్లారకుండా మార్చింది ఆమే. అమ్మ పాలు పిండి ఇస్తే దూది వత్తితో పిల్ల పెదాల మీద ఒక్కో బొట్టూ విడిచేది. ఆవనూనె గోరువెచ్చగా చేసి గుండెల మీద రాసేది. మా ఇంట్లో ఆముదం వాసన పోయి ఆవనూనె వాసన నిలిచిపోయింది. ఇప్పటికీ ఎక్కడ ఆవనూనె కాగుతున్న వాసన వచ్చినా నాకు ఆ మూసిన గది గుర్తొస్తుంది, అందులో ఊపిరి బిగబట్టుకుని తిరిగే ఆడవాళ్ళు గుర్తొస్తారు.

పిల్ల ఇంకా దూదిలో ఉండగానే ఒకరోజు సర్దారిణి గురుద్వారాకి వెళ్ళి వచ్చింది. అక్కడ గ్రంథం తెరిచి, ఆ పుటలో వచ్చిన మొదటి అక్షరంతో పిల్లలకి పేరు పెట్టడం వాళ్ళ పద్ధతి. ర అక్షరం వచ్చిందట. ప్రసాదం అందరి చేతుల్లో పెట్టి, పిల్ల పేరు రణజీత్ అని చెప్పింది. కొన్నది తను కనుక పేరు తనే పెట్టాలి కదా అన్నట్టు చెప్పింది. నాన్న షిఫ్టు నుంచి వచ్చి అప్పుడే కూర్చున్నారు. ఆ పేరు రెండుసార్లు తనలో అనుకున్నారు. నాయనమ్మ అర్థమేమిటని అడిగింది. నాన్న చెప్పారు, యుద్ధంలో నెగ్గింది అని.

నాయనమ్మ చుట్ట నేలకి నలిపి పారేసింది. ఆవిడ సగం చుట్ట పారెయ్యడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పసిగుడ్డుకి యుద్దమేటిరా? కనబడకండా నక్కుండమని నానంటంటే, కత్తి పట్టుకుని ఎదురుగా నిల్సోమంటారేటి?"

దానికి జవాబు నాన్న చెప్పాలి. సర్దారిణే, ఆ మాటల్లో తనకి అందినంత అందుకుని, తనకొచ్చిన తెలుగులో అంది. "మామ్మా, ముగ్గురు నక్కి ఉన్నారు. దొరికిపోయారు."

నాయనమ్మ లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. నాన్న మాత్రం ఆ సాయంత్రమంతా హుషారుగా ఉన్నారు. సర్దార్‌జీల ఇళ్ళలో పేర్లన్నీ అలాగే ఉంటాయని, తనతో పనిచేసే వాళ్ళలో రణధీర్ ఉన్నాడని, బల్బీర్ ఉన్నాడని, బలశాలి అని పేరు పెట్టుకున్న జోరావర్ అయితే చూడ్డానికి అర్భకుడేనని అమ్మకి చెబుతూనే ఉన్నారు. తన పేరు పుట్టుక తెలిసిన మనిషి, తన కూతురికి అలాంటి పేరు రావడం ఆయనకెంత ఊరటో నాకు పెద్దయ్యాక అర్థమైంది.

పిల్ల బతికింది. దూది వదిలి, పక్క మీద దొర్లి, పాకి, గోడ పట్టుకుని నిలబడింది. నాయనమ్మ ఆ పేరుని నోటితో అనడానికి చాలాకాలం ఒప్పుకోలేదు. ఓసే, ఇదిగో అనేది. చివరికి దానిలోంచి తనకి పనికొచ్చే ముక్క విరుచుకుని జీతమ్మ అని మొదలుపెట్టింది. జీతానికి కుదిరిన మనిషంటే ఎవరికీ అసూయ ఉండదు కదా, చావుకి కూడా ఉండదని ఆవిడ ధీమా. నాన్న స్నేహితులు, నీకేం పేంటర్ భాయ్, మీ ఇంట్లో రెండు జీతాలు అనేవాళ్ళు. అలా యుద్ధం సగం పోయి జీతు మిగిలింది. సర్దారిణి ఒక్కత్తే ఎప్పుడూ మూడు ముక్కలూ స్పష్టంగా, ర దగ్గర నాలుక తిప్పి, రణజీత్ అని పిలిచేది. ఆ పిలుపుకి అది ఎక్కడున్నా గోడ దాటి పరిగెత్తేది. ఆమెని బీజీ, అంటే పంజాబీలో అమ్మ, అని పిలవడం దానితోనే మొదలు. తర్వాత వరసంతా అలాగే పిలిచింది.

అది పంజాబీ మాటలే ముందు నేర్చింది. మధ్యాహ్నం అక్కడే పడుకునేది. మీగడ రాసిన రొట్టె తిని వచ్చి అమ్మ పెట్టిన అన్నం వద్దనేది. ఒళ్ళు కాలితే, పడితే, బీజీ అనే ఏడ్చేది. అమ్మ ఏమీ అనేది కాదు. గోడ అవతల నుంచి దాని నవ్వు వినిపించినప్పుడు మాత్రం చేతిలో పని ఆపి ఒక్క క్షణం నిలబడేది. అమ్మ ఎప్పుడూ తక్కువ మాట్లాడే మనిషి. అత్త చెప్పింది, మొగుడు చెప్పింది విని తలూపడమే నేను చూశాను. కనుక ఆవిడ లోపల ఏం పెరుగుతోందో మాలో ఎవరికీ తెలీలేదు.

బడిలో వెయ్యాల్సిన ఏడు వచ్చింది. నేను చదివే తెలుగు బడిలోనే. నాన్నకి పగటి షిఫ్టు, కనుక అమ్మ తీసుకొచ్చింది. నేను పై తరగతి నుంచి వచ్చి పక్కన నిలబడ్డాను. మాస్టారు పేరడిగారు. అమ్మ గొంతు సవరించుకుని, రంజిత అండి అంది. నేను అమ్మ ముఖంలోకి చూశాను. అమ్మ నన్ను చూడలేదు. రంజిత అంటే సంతోషపడేది, మంచి పేరు అన్నారు మాస్టారు. వినడానికి రెండూ ఎంత దగ్గరో. యుద్ధం ఎక్కడ పోయిందో ఎవరికీ తెలియనంత మెత్తగా పోయింది.

ఇంటికొచ్చాక అమ్మ నాన్నతో, మగపిల్లాడి పేరనుకుంటారని మార్పించానంది. నాన్న ముఖం చిన్నబుచ్చుకున్నారు. నాయనమ్మ సంతోషించింది. గోడ మీద ఆనుకుని బీజీ అడిగింది, బడిలో ఏం రాశారని. చెప్పింది మా చెల్లెలే. నన్ను అక్కడ రంజిత అంటారట బీజీ అంది. బీజీ తల ఊపి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. మర్నాడు గోడ దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పాలు పక్కింటి పిల్లాడితో పంపించింది. చెల్లెలు గోడెక్కి పిలిస్తే పలికింది, దగ్గరికి తీసుకుంది, తిండి పెట్టింది. కాని పేరుతో పిలవలేదు. బేటీ అంది.

బడిలో ఇంకో తంటా. హాజరు పిలిచినప్పుడు చెల్లెలు పలకడం లేదని మాస్టారు నాతో చెప్పారు. మొండి కాదట, ఎదురు చెప్పడం లేదట, ఎవరినో పిలుస్తున్నట్టు అటూ ఇటూ చూస్తుందట. ఆ మాట ఇంటికొచ్చి చెప్పాను. అమ్మ కూర తరుగుతోంది. విని, కత్తిపీట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని, పెరటి గోడ దగ్గరికి వెళ్ళి బీజీని పిలిచింది. అమ్మ తనంత తాను ఆ గోడ దగ్గరికి వెళ్ళి పిలవడం నాకు కొత్త. బీజీ వచ్చింది. గేదె మెడలో గంట కదులుతోంది.

"నాకు బయమేసింది దీదీ" అంది అమ్మ. "అది మిమ్మల్నే అమ్మనుకుంటందేమోనని. కన్నది నానే కదా."

బీజీ గోడ మీద చెయ్యి ఆనించి అంది. ఆమె తెలుగు ఎప్పుడూ ఒక్కో మాటా ఏరుకున్నట్టుండేది. "నేను కొన్నాను. పెంచమని నీకే ఇచ్చాను. పాలు నీవి, ఇల్లు నీది, పిల్ల నీది. పేరొక్కటే నా దగ్గరుంది, బెహన్. అది కూడా తీసేసుకున్నావు."

అమ్మ ఏడవలేదు. గోడ మీద ఉన్న బీజీ చేతి మీద తన చెయ్యి పెట్టింది. అంతే. మర్నాడు నాన్న షిఫ్టుకి వెళ్ళాక, ఉతికిన చీర కట్టుకుని, మా ఇద్దరితో బడికి వచ్చింది. మాస్టారు విసుక్కున్నారు. రాసినదాన్ని మార్చడం కుదరదన్నారు. అయినా ఆడపిల్లకి యుద్ధమేమిటమ్మా, రేపు పెళ్ళి సంబంధాలకి కూడా బాగోదు, రంజితకేం తక్కువైంది అన్నారు. అమ్మ అలా ఒకరి ఎదురుగా నిలబడి మాట్లాడగా అంతకుముందు నేను వినలేదు.

"బాగోకపోతే బాగోకపోనీయండి మాస్టారూ. ఇది నెగ్గింది కాబట్టే మీ ఇస్కూలుకొచ్చింది. నాకు ఇంకో ముగ్గురుండాల. ఆలు రాలేదు."

మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, కొట్టేసి, పైన కొత్తగా రాశారు. ఆరోజు మధ్యాహ్నం హాజరు పిలిచినప్పుడు మా చెల్లెలి గొంతు గోడ అవతల మా తరగతిలోకి కూడా వినిపించింది.

ఇదంతా చెప్పేసరికి మా స్వాతి కళ్ళు తుడుచుకుంటోంది. కిరణ్ అయితే ఎగిరినంత పని చేశాడు. ఇంకేం కావాలి, పేరు దొరికేసింది కదా అన్నాడు. వెంటనే పిన్నికి ఫోన్ చేసి రమ్మన్నాడు. ఆదివారం అది ఆటోలో వంతెన దాటుకుని వచ్చింది. మా చెల్లెలికి యాభై అయిదు దాటాయి. స్టేషన్ దగ్గర జుగ్సలాయిలో చాలా ఏళ్ళు బడి యూనిఫారాలు కుట్టే దుకాణం నడిపింది. రెడీమేడ్ యూనిఫారాలు వచ్చాక బేరాలు పోయాయి. మిషన్లు అమ్మేసి దుకాణం మూసింది. నాయనమ్మ, నాన్న, అమ్మ వరసగా వెళ్ళిపోయారు. మాంగోలోనే ఇల్లు కట్టుకున్న బీజీ కూడా కొన్నేళ్ళ కిందట పోయింది. చివరి రోజుల్లో ఆమెకి తలదువ్వి, స్నానం చేయించింది మా చెల్లెలే. మా క్వార్టర్ల వరస పడగొట్టేశారు. అక్కడిప్పుడు ఏముందో చూడ్డానికి నేను వెళ్ళలేదు.

అది పాపని ఒళ్ళోకి తీసుకుని, అరచెయ్యి విప్పి చూసి, మూసింది. కిరణ్ ఉత్సాహంగా చెప్పాడు. మౌసీ, నీ పేరే పెడదామనుకుంటున్నాం, లేదంటే ఆ అర్థమే వచ్చే కొత్త పేరు. అది చిన్నగా నవ్వింది. ఆ పేరు బీజీది, నా ఇష్టమేముంది, పెట్టుకోండి అంది. పాప ముఖమే చూస్తూ తనే మళ్ళీ అందుకుంది. మా ఇంట్లో ఇన్నేళ్ళుగా ఆ కథ చెప్పుకుంటున్నాం గాని, అది తనేమనుకుందో చెప్పగా నేను వినడం అదే మొదలు.

"ఒరే కిరణూ, నా పేరుకేటీ వంకలేదు. ఆ పేరంటే నాకిట్టం. కాని దానికో బరువుంటాది. దుకాణం మూసీసిన రోజు నాకు మంచమ్మీద పడి ఏడవాలనిపించింది. వచ్చినోళ్ళందరూ, నువ్వు రణజీతువి, నీకేటి, మళ్ళీ లేత్తావు అన్నారు. నాకు లెగాలని లేదు. ఓడిపోయానని ఒక్కపూట ఒప్పుకోనిత్తే బాగుండుననిపించింది."

అది పాపని ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"ఇంకోటి సెప్తాను. అమ్మ ఇస్కూల్లో అన్న మాట ఇంట్లో ఎవులు సెప్పుకున్నా నాకు గర్వంగానే ఉంటాది. ఇంటికెళ్ళి పడుకున్నాక మటుకు ఆలు గుర్తొత్తారు. నాను నెగ్గానంటే ఆ ముగ్గురూ ఓడిపోయారనే కదా. ఆలకి బీజీ దొరకలేదు, ఏడినీళ్ళ సీసాలు దొరకలేదు. అంతేగాని ఆలు కొట్లాడలేదని ఎవులు సూసొచ్చారు? ఏ పేరైనా ఎట్టుకోరా నానా. నెగ్గకపోయినా పర్లేదని దానికి సెప్పుకుంటా పెంచండి."

ఆటోల రొద లోపలికి వస్తూనే ఉంది. కిరణ్ చేతిలో ఫోన్ వెలుగు దానంతటది ఆరిపోయింది. వాడు దాన్ని మళ్ళీ వెలిగించలేదు. ఆ ముగ్గురికీ పేర్లే లేవని వీళ్ళకి ఆ మధ్యాహ్నం ఎంత సులువుగా చెప్పేశానో నాకు అప్పుడైనా తట్టాల్సింది, తట్టలేదు. అప్పటి మా వరసలో పసిపిల్లలు పోవడం, మళ్ళీ పుట్టడం ఎండా వానల్లాంటివి. ఇప్పుడు కడుపులో ఉండగానే బొమ్మ తీసి చూపిస్తున్నారు, నాలుగు నెలల ముందు నుంచే పేర్లు వెతుకుతున్నారు. ఇప్పటి వాళ్ళది మంచి కాలం. అందులో నాకు అనుమానం లేదు. ఆ మంచి కాలంలో పుట్టిన పిల్ల మా కోడలు. పాపని తన పిన్నత్తగారి ఒళ్ళోంచి తీసుకుని, దుప్పటి సర్ది, నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

"అత్తయ్యా, మీరు వాళ్ళని చూశారు కదా. ఎలా ఉండేవాళ్ళు?"

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అమ్మ అడగలేదు, నాయనమ్మ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. మరిచిపోయాననే అనుకున్నాను. నోరు తెరిచేసరికి ఒక్కొక్కటే వచ్చాయి. ముందుది ఆడపిల్ల, నా వేలు ఇస్తే పట్టుకుని వదిలేది కాదు, అమ్మ వచ్చి విడిపించాల్సి వచ్చేది. నడిపోడికి చెవుల మీద కూడా నూగు వెంట్రుకలుండేవి, తుమ్మి తన తుమ్ముకి తనే ఉలిక్కిపడేవాడు. మా చెల్లెలు దగ్గరికి జరిగి కూర్చుంది. ఆఖరోడి దగ్గరికి నన్ను రానివ్వలేదు, అప్పటికే వాడి మీద అందరూ ఆశ వదిలేసుకున్నారు. నేను తలుపు సందులోంచి చూశాను. కప్పిన గుడ్డ తొలిగిపోయి, ఒక్క పాదం బయటికి కనిపించింది. ఎర్రగా, నా బొటనవేలంత ఉంది. అది గాలిని తన్నుతూనే ఉంది.